మాస్ ఎఫెక్ట్ 3: అంజామ్‌లో తప్పిన హిసాబ్

2012 మార్చి 6న అమెరికా, కెనడా మార్కెట్లోకి మాస్ ఎఫెక్ట్ 3 అనే వీడియో గేమ్ వచ్చింది. నెల తిరగకముందే, దాన్ని ఎంతో మొహబ్బత్‌తో కొనుక్కున్నవాళ్లే తయారుచేసిన కంపెనీ మీద లడాయికి దిగారు. గేమ్ బాగాలేదని ఎవరూ అనలేదు. ముప్పై గంటలు ఆడాం, షాన్‌దార్‌గా ఉంది, ఆఖరి పది నిమిషాలే అంతా పాడుచేశాయి అన్నారు. హంగామా మొత్తం ఆ పది నిమిషాల మీదే.

మన ఇళ్లలో వీడియో గేమ్ అనగానే "వఖ్త్ బర్బాద్" అనే మాట ముందొస్తుంది. నేనూ ఇద్దరు పిల్లల అబ్బానే, నా నోటి నుంచీ ఆ మాట వస్తుంది. అయినా ఈ గేమ్ తారీఖ్, అంటే చరిత్ర, మీ ముందు పెట్టాలనిపించింది. అందులో కిస్సా చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉండే ఏతబార్ సంగతి ఉంది. ఏతబార్ అంటే నమ్మకం. గమ్‌గీన్ అంజామ్ వేరు, గలత్ అంజామ్ వేరు. మొదటిది ఏడిపిస్తుంది, రెండోది మోసపోయామనిపిస్తుంది. ఈ ఫరక్ పట్టుకోలేక ఆ రోజుల్లో చాలామంది పెద్దలు, పత్రికలవాళ్లు ఆ కుర్రాళ్లు సుఖాంతం కోసం మారాం చేస్తున్నారనుకున్నారు.

అయిదేళ్ల దాస్తాన్

కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ అనే కంపెనీ ఉంది. 1995లో దాన్ని మొదలుపెట్టినవాళ్లు డాక్టరీ చదివిన మిత్రులు. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగం 2007 నవంబర్‌లో, రెండోది 2010 జనవరిలో, మూడోది 2012 మార్చిలో వచ్చాయి. మూడింటికీ డైరెక్టర్ కేసీ హడ్సన్. మొదటి భాగానికి ప్రధాన రచయిత డ్రూ కార్పిషిన్, మూడోదానికి మాక్ వాల్టర్స్.

కిస్సా ఇదీ. 22వ సదీలో ఇన్సాన్ నక్షత్రాల మధ్య తిరగడం నేర్చుకున్నాడు. గెలాక్సీ నిండా మాస్ రిలేలు ఉన్నాయి. అవి దర్వాజాల్లాంటివి: ఒకదాంట్లో దూరితే వేల కాంతి సంవత్సరాల అవతల ఇంకోదాంట్లో తేలతారు. సిటడెల్ అనే మహా అంతరిక్ష కేంద్రం అన్ని ఖౌమ్‌లకూ రాజధాని. వీటిని ఎవరు కట్టారో ఎవరికీ సరిగా తెలియదు. కట్టినవాళ్లు రీపర్లు. కొండలంత ఓడలు, ఆలోచించే మషీన్లు. ప్రతి 50,000 ఏళ్లకొకసారి గెలాక్సీ అవతలి చీకటి నుంచి వచ్చి, ఎదిగిన ప్రతి ఖౌమ్‌నూ కోసుకుపోతాయి. ఈసారి వాటికి ఎదురు నిలిచేది కమాండర్ షెపర్డ్. ఆ షెపర్డ్ ఆడో మగో, రహమ్‌దిలో సంగ్‌దిలో ఆడేవాడి ఇష్టం.

ఈ గేమ్‌కున్న ఖాస్ గుణం ఒకటుంది. మొదటి భాగంలో మీరు చేసిన ఫైస్లా రెండో భాగానికీ మూడో భాగానికీ వెంట వస్తుంది. 2007లో మీరు ప్రాణభిక్ష పెట్టిన జీవి 2012లో మీ ముందుకొచ్చి నిలబడుతుంది. రెండో భాగం చివర ఎవరిని ఏ పనికి పంపాలో ఆలోచించకుండా పంపితే ఆ సాథీ చచ్చిపోతాడు, మూడో భాగంలో అతని చోటు ఖాళీగా ఉంటుంది. అయిదేళ్లపాటు ఈ గేమ్ ఆడేవాళ్లకు నేర్పిన పాఠం ఒకటే: నీ ప్రతి ఫైస్లాకూ హిసాబ్ ఉంది.

వాదా కూడా అలాగే చేశారు. విడుదలకు కొన్ని వారాల ముందు ఇంటర్వ్యూల్లో హడ్సన్, ఈ ముగింపులు ఎన్నో లెక్కపెట్టి ఇది ఒకటోది, ఇది రెండోది అని చెప్పేలా ఉండవన్నాడు. ఆ మాటను జనం దాచుకున్నారు.

ఆ పది నిమిషాలు

మూడో భాగం మొదట్లోనే రీపర్లు భూమి మీద పడతాయి. వాంకోవర్ నగరంలో ఒక చిన్న పిల్లవాడు షెపర్డ్ కళ్లముందే చనిపోతాడు. తర్వాత ఆ పిల్లవాడు ఖ్వాబుల్లోకి వస్తూ ఉంటాడు. పాత ఖౌమ్‌లు ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ వచ్చిన ఒక ఆయుధం నక్షా అంగారక గ్రహం మీద దొరుకుతుంది. దాని పేరు క్రూసిబుల్. అదేం చేస్తుందో కట్టేవాళ్లకే తెలియదు. అది పనిచేయాలంటే క్యాటలిస్ట్ కావాలి, ఆ క్యాటలిస్ట్ సిటడెలేనని చివర్లో తేలుతుంది. అప్పటికే రీపర్లు సిటడెల్‌ను లాక్కుని భూమి పక్కకు తెచ్చాయి. అన్ని ఖౌమ్‌ల ఫౌజ్ భూమి దగ్గర చేరుతుంది.

లండన్ శిథిలాల్లోంచి సిటడెల్‌కు ఒక కాంతి దారి ఉంది. దాని వైపు పరుగెత్తుతుండగా రీపర్ నిప్పు షెపర్డ్ మీద పడుతుంది. ఒళ్లంతా కాలి, ఈడ్చుకుంటూ పైకి చేరతాడు. అక్కడ వెలుతురుతో చేసిన బొమ్మలా ఒక పిల్లవాడు కనిపిస్తాడు. ఖ్వాబుల్లోని పిల్లవాడి రూపమే. "నేనే క్యాటలిస్ట్‌ని, రీపర్లు నా చేతిలోనివి" అంటాడు. ఇన్సాన్‌లాంటి జీవులు ఎప్పటికైనా మషీన్లను తయారుచేస్తారు, ఆ మషీన్లు తయారుచేసినవాళ్లను తుడిచిపెడతాయి, అలా జరగకుండా నేనే ముందుగా ఎదిగిన ఖౌమ్‌లను కోసి రీపర్ల రూపంలో భద్రపరుస్తున్నాను అంటాడు. తర్వాత మూడు దారులు చూపిస్తాడు. రీపర్లతో సహా మషీన్లన్నిటినీ నాశనం చేయడం ఒకటి. షెపర్డ్ తన ప్రాణమిచ్చి రీపర్లను చేతిలోకి తీసుకోవడం రెండోది. జీవుల్నీ మషీన్లనూ కలిపి ఒకే కొత్త జాతిగా మార్చడం మూడోది.

ఏది ఎంచుకున్నా తర్వాత కనిపించేది దాదాపు ఒకే దృశ్యం. ఒకదాంట్లో వెలుగు ఎరుపు, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో ఆకుపచ్చ. మాస్ రిలేలు పేలిపోతాయి. షెపర్డ్ ఓడ నార్మండీ ఏదో తెలియని అడవి గ్రహం మీద కూలుతుంది, సాథీలు తలుపు తీసుకుని బయటికొస్తారు. చాలా ఏళ్ల తర్వాత ఒక ముసలాయన మనవడి లాంటి పిల్లవాడికి షెపర్డ్ కహానీ చెబుతుంటాడు. ఆ ముసలాయన గొంతు చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్‌ది. బస్, ఖతం.

సవాళ్లు మూడు రకాలు

ఆడినవాళ్లు లేపిన సవాళ్లు వందలున్నాయి. వాటిని నేను మూడు కుప్పలుగా వేస్తాను, ఎందుకంటే మూడింటి ఇలాజ్ ఒకటి కాదు.

మొదటి కుప్ప: ఎవరు ఎక్కడున్నారు. లండన్‌లో షెపర్డ్ పక్కన పరుగెత్తిన సాథీలు కాసేపటికే నార్మండీలోంచి దిగుతున్నారు. ఓడలోకి ఎప్పుడు ఎక్కారు? నార్మండీ పైలట్ జోకర్ ఎన్నడూ దోస్తును వదిలి పారిపోనివాడు. భూమి దగ్గర జంగ్ సాగుతుండగా అతను రిలేలో దూరి ఎక్కడికి పోతున్నాడు? రిపోర్టర్ పని చేసేవాళ్లకు ఈ సవాళ్లు రోజూ తగిలేవే. ఉదయం పది గంటలకు కలెక్టరేట్‌లో ఉన్న మనిషి అదే పది గంటలకు స్టేషన్‌లో ఉన్నాడని రాసుకొస్తే, డెస్క్‌లో కూర్చున్నవాడు ఆ కాపీ వెనక్కి పంపిస్తాడు.

రెండో కుప్ప: ఖాయిదాలు. ఒక కల్పిత లోకానికి కథకుడే ఖాయిదాలు పెడతాడు, పెట్టాక తానూ వాటికి లోబడాలి. 2011 మార్చిలో రెండో భాగానికి అనుబంధంగా అరైవల్ అనే చిన్న కిస్సా అమ్మారు. అందులో షెపర్డ్ ఒక గ్రహశకలాన్ని ఒక మాస్ రిలేకు ఢీకొట్టిస్తాడు. రిలే పేలి ఆ నక్షత్ర కుటుంబం మొత్తం బూడిదవుతుంది, 3 లక్షలకు పైగా బాటారియన్లు చనిపోతారు. ఏడాది తర్వాత మూడో భాగం చివర గెలాక్సీలోని రిలేలన్నీ పేలాయి. మరి పాత ఖాయిదా ప్రకారం భూమితో సహా లోకాలన్నీ బూడిద కావాలి కదా? కాలేదంటే ఎందుకు కాలేదు? ఒక్క మాటయినా చెప్పలేదు.

రిలేలు లేకపోతే భూమి దగ్గర చేరిన ఫౌజ్ ఇళ్లకెలా పోతుంది? టూరియన్లు, క్వారియన్లు అనే రెండు ఖౌమ్‌ల శరీరాలు మనకు విరుద్ధమైన అమైనో ఆమ్లాలతో చేసినవని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. మన తిండి వాళ్లకు పోషణ ఇవ్వదు. అంటే గెలిచిన ఫౌజ్‌లో సగం భూమి చుట్టూ తిరుగుతూ ఆకలితో చావాలి. ఆడినవాళ్లు ఈ హిసాబ్ వేసి అడిగారు. కుర్రాళ్లు అంత బారీకీగా చదివారా అని నాకు ముచ్చటేసింది.

ఈ కుప్పలో అన్నిటికన్నా బలమైన సవాల్ సిటడెల్‌దే. మొదటి భాగం కథ అంతా ఒక మేకు మీద వేలాడుతుంది. సిటడెల్ నిజానికి ఒక పెద్ద రిలే, రీపర్లు అందులోంచి దిగి ముందు రాజధానిని పట్టుకుని, రిలేలను మూసేసి, ఒక్కో లోకాన్నీ ఒంటరిగా చంపుతాయి. కిందటి చక్రంలో చనిపోయిన ప్రోథియన్ ఖౌమ్‌కు చెందిన కొందరు శాస్త్రవేత్తలు, సిటడెల్ నౌకర్లకు రీపర్ల ఇషారా అందకుండా చేశారు. అందుకే సావరిన్ అనే రీపర్ ఒక గద్దారును పట్టుకుని, ఫౌజ్ తయారుచేసి, జంగ్ చేసి సిటడెల్‌లోకి దూరాల్సి వచ్చింది. ఇప్పుడు మూడో భాగం చివర ఆ పిల్లవాడు "సిటడెల్ నాలో భాగం" అంటున్నాడు. రీపర్ల మాలిక్ సిటడెల్‌లోనే కాపురం ఉంటే సావరిన్‌కు అన్ని తిప్పలెందుకు? లోపలున్నవాడు తలుపు తీయలేడా? మూడో భాగంలో రీపర్లు సిటడెల్‌ను పట్టుకున్నాక రిలేలను ఎందుకు మూయలేదు? మూసి ఉంటే భూమి దగ్గరికి ఏ ఫౌజూ వచ్చేది కాదు, చివరి జంగ్ జరిగేదే కాదు.

మూడో కుప్ప: దలీల్. మషీన్లు చేసినవాళ్లను చంపి తీరతాయి అన్నది ఆ పిల్లవాడి వాదన. కాని అదే గేమ్‌లో అంతకు కొన్ని గంటల ముందు ఏం జరుగుతుంది? క్వారియన్లకూ, వాళ్లు చేసిన గెత్ అనే మషీన్ జాతికీ మూడు సదీల దుష్మనీ. షెపర్డ్ గనక పాత భాగాల్లో సరైన ఫైస్లాలు చేసి ఉంటే, రానాక్ గ్రహం మీద ఇద్దరి మధ్యా సులహ్ కుదురుతుంది. ఓడలోని ఈడీ అనే మషీన్‌కూ పైలట్ జోకర్‌కూ ఇష్క్ కూడా కుదురుతుంది. ఆడేవాడు తన చేత్తో చేసిన సులహ్ అది, దానికి గంటల కొద్దీ శ్రమపడ్డాడు. ఆ పిల్లవాడి ముందు నిలబడి "నీ మాట గలత్, నా కళ్లతో చూశాను" అనే ఒక్క జవాబు షెపర్డ్ నోట పెట్టలేదు. అయిదేళ్లు ప్రతి మాటకూ ఎదురు జవాబు ఎంచుకోనిచ్చిన గేమ్, అసలు అవసరమైన చోట నోరు మూసేసింది.

తిలిస్మ్ ఖాయిదా

ఇక్కడ మన దాస్తాన్‌గోలు నాకు యాదికొస్తారు. ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకు దాస్తానే అమీర్ హమ్జా పేరు, అందులోని తిలిస్మే హోష్‌రుబా పేరు పరిచయమే. లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ 19వ సదీ చివర ఆ దాస్తాన్‌ను 46 పెద్ద సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టింది. హోష్‌రుబా మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. జిన్నులు, జాదూ, అయ్యారులు, గైబ్ నుంచి వచ్చే మదద్, అన్నీ అందులో ఉంటాయి. దాస్తాన్‌కు మంతిఖ్ ఎక్కడిది, ఏదైనా జరగొచ్చు కదా అని మనం అనుకుంటాం.

కాదు. తిలిస్మ్ అంటే జాదూతో కట్టిన లోకం. ప్రతి తిలిస్మ్‌కూ ఒక లౌహ్ ఉంటుంది, అంటే రాసి ఉన్న ఒక పలక. ఆ తిలిస్మ్ ఎలా విరుగుతుందో, ఎవరి చేతిలో విరుగుతుందో ముందే నిశ్చయమై ఉంటుంది. హోష్‌రుబాను విరగ్గొట్టాల్సింది అమీర్ హమ్జా మనవడు అసద్. అతను లౌహ్ సంపాదించనిదే కార్యం కాదు. బాద్‌షా అఫ్రాసియాబ్ ఎంత జబర్దస్త్ జాదూగరైనా ఆ ఖాయిదాను మార్చలేడు, కథకుడూ మార్చడు. వినేవాడు రాత్రి తర్వాత రాత్రి వచ్చి కూర్చునేది ఆ భరోసాతోనే. గైబీ మదద్ రావచ్చు, కాని వచ్చే దారి ముందే తెరిచి ఉండాలి.

మాస్ ఎఫెక్ట్ చివర కనిపించిన పిల్లవాడు లౌహ్‌లో లేని మనిషి. మూడు భాగాల్లో, వంద గంటల దాస్తాన్‌లో అతని ఊసు లేదు. వచ్చినవాడు పాత ఖాయిదాలను చెరిపి కొత్త ఖాయిదాలు చెప్పి, ఎంచుకో అన్నాడు.

ఎందుకిలా అయింది? 2011 నవంబర్‌లో స్క్రిప్ట్ ముసాయిదా ఒకటి బయటికి పొక్కింది, ఆ నెలలోనూ ముగింపు మీద పని సాగుతూనే ఉంది. అందరూ రకరకాలుగా ఊహించుకునే ముగింపు కావాలన్న ఉద్దేశం తయారీ రోజుల్లో చేత్తో రాసుకున్న నోట్సులోనే కనిపిస్తుంది. డ్రూ కార్పిషిన్ 2013లో ఇంకో మాట చెప్పాడు. డార్క్ ఎనర్జీ విశ్వాన్ని తినేస్తోందని, దాన్ని ఆపడానికే రీపర్లు ఈ పని చేస్తున్నాయని ఒక ఆలోచన మొదట ఉండేదట, కాని అది పూర్తి రూపానికి రాలేదట. రెండో భాగంలో హేస్ట్రమ్ గ్రహం దగ్గర ఒక సూర్యుడు వేళకు ముందే ముసలివాడవుతున్న సన్నివేశం ఉంది. ఆ దారం ఒక చివర అలా వేలాడుతూనే ఉండిపోయింది.

లడాయి, కేకులు, ఖైరాత్

జనం కోపం రకరకాలుగా బయటికొచ్చింది. రీటేక్ మాస్ ఎఫెక్ట్ అనే పేరుతో ఒకచోట చేరినవాళ్లు, మేం గొడవ చేసేవాళ్లం కాదని చూపించడానికి ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటబొమ్మలు, గేములు ఇచ్చే చైల్డ్స్ ప్లే సంస్థకు చందాలు పోగుచేశారు. 80,000 డాలర్ల దాకా పోగయ్యాయి. ఇంకొందరు ఎడ్మంటన్ ఆఫీసుకు నాలుగు వందల కప్‌కేకులు పంపారు. పైన క్రీమ్ కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి నీలం, కొన్నిటికి ఆకుపచ్చ. రుచి మాత్రం అన్నిటికీ ఒకటే, వెనీలా. ఇంతకన్నా నఫీస్ తన్‌ఖీద్, ఇంత నాజూకైన విమర్శ, నా పాతికేళ్ల పత్రికా జీవితంలో చూడలేదు. కంపెనీవాళ్లు ఆ కేకులను ఇల్లు లేని యువకుల ఆశ్రమానికి ఇచ్చేశారు. ఒక ఆటగాడు వాదా తప్పారంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు షికాయత్ చేశాడు. అన్నీ ఇంత తమీజ్‌గా జరగలేదు, బయోవేర్ ఉద్యోగులకు బూతులు, బెదిరింపులు కూడా వెళ్లాయి. దానికి ఏ దలీలూ సరిపోదు.

అప్పుడే ఒక పెద్ద బహస్ నడిచింది. కళాకారుడి ఇఖ్తియార్‌లో జనం వేలు పెట్టవచ్చా? షెర్లాక్ హోమ్స్ పేరు అందరూ ఎత్తారు. 1893 డిసెంబర్‌లో కోనన్ డాయిల్ హోమ్స్‌ను రైఖెన్‌బాఖ్ జలపాతంలో పడేసినప్పుడు పాఠకులు గోల చేశారు, 1903లో అతను మళ్లీ బతికొచ్చాడు. నిజమే, కాని నా చూపులో ఆ పోలిక సగమే కుదురుతుంది. హోమ్స్ పాఠకులది గమ్. కథలో తప్పుందని వాళ్లు అనలేదు, చచ్చిపోయాడే అని ఏడ్చారు. పైగా వాట్సన్ ఆ కథలో లాష్ చూడలేదు, అడుగుల గుర్తులే చూశాడు. కాబట్టి డాయిల్ తిరిగొచ్చే దారి ఆ కథలోనే దొరికింది. షెపర్డ్ చనిపోవడం మీద పేచీ పెట్టినవాళ్లు తక్కువ. చనిపోతాడని అందరూ అనుకునే ఆడారు. వాళ్లు అడిగింది ఆ చావుకు హిసాబ్.

దీనికి దగ్గరి పోలిక ఇంకో గేమ్‌లో ఉంది. 2008 అక్టోబర్‌లో వచ్చిన ఫాల్అవుట్ 3, అణుయుద్ధం తర్వాతి వాషింగ్టన్ కిస్సా. చివర రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి ఒక మషీన్‌ను నడిపించాలి, వెళ్లినవాడు చనిపోతాడు. కాని మీ పక్కన ఫాక్స్ అనే సాథీ ఉండొచ్చు. అతనికి రేడియేషన్ అంటదు, అంతకు ముందే మీకోసం అలాంటి గదిలోకి వెళ్లొచ్చాడు కూడా. చివర మాత్రం ఇది నీ తఖ్‌దీర్, నేను అడ్డు రాను అంటాడు! జనం నవ్వాలో ఏడవాలో తెలియక తలలు కొట్టుకున్నారు. 2009 మేలో కంపెనీ బ్రోకెన్ స్టీల్ అనే అనుబంధం అమ్మి, ఆ సాథీని పంపించే వీలు కల్పించింది, కథను కూడా ముందుకు నడిపింది. అంటే కిస్సా అంజామ్‌ను జనం సవాళ్ల మేరకు దిద్దడం మాస్ ఎఫెక్ట్‌తో మొదలైంది కాదు.

అతుకు ఎంతవరకు ఆగింది

2012 ఏప్రిల్ 5న బయోవేర్ ప్రకటించింది: ముగింపు మార్చం, విడమరిచి చెబుతాం. జూన్ 26న ఎక్స్‌టెండెడ్ కట్ ముఫ్త్‌గా ఇచ్చారు.

మొదటి కుప్పకు జవాబ్ దొరికింది. లండన్ పరుగు మధ్యలో గాయపడిన సాథీలను నార్మండీ వచ్చి ఎక్కించుకునే దృశ్యం పెట్టారు. పక్కనే నిప్పులు కక్కుతున్న రీపర్ ఆ కాసేపు మర్యాదగా ఆగడం మీద జనం మళ్లీ నవ్వారనుకోండి. జోకర్ పారిపోలేదని, ఫౌజ్ మొత్తానికీ వెనక్కి తగ్గమన్న హుకుం వచ్చిందని చూపించారు. రెండో కుప్పకు సగం జవాబ్ దొరికింది. రిలేలు పూర్తిగా పేలలేదు, దెబ్బతిన్నాయి, మళ్లీ కట్టుకున్నారు అన్నారు. దాంతో టూరియన్ల ఆకలి సవాల్ తీరింది. సావరిన్ తిప్పల సవాల్ తీరలేదు.

మూడో కుప్ప అలాగే ఉంది. పిల్లవాడు తన వాదన ఇంకా పొడవుగా చెప్పాడు. షెపర్డ్ కొన్ని ఎదురు సవాళ్లు వేసే వీలిచ్చారు, గెత్ సులహ్‌ను మాత్రం వాదనలో నిలబెట్టి గెలిచే దారి ఇవ్వలేదు. నాలుగో దారి ఒకటి చేర్చారు. మూడింటినీ కాదనవచ్చు. కాదంటే అందరూ ఓడిపోతారు, చక్రం పూర్తవుతుంది, తర్వాతి ఖౌమ్‌లు లియారా దాచిపెట్టిన సమాచారంతో గెలుస్తాయి. ఆ ఆగస్టులో వచ్చిన లెవయథన్ అనే అనుబంధం, ఆ పిల్లవాడిని ఎవరు సృష్టించారో చెప్పింది. లౌహ్‌లో లేని పేరును తర్వాత వచ్చి రాసినట్టు.

ఈ అతుకులకు ముందే జనం సొంత తావీల్ ఒకటి తయారుచేసుకున్నారు. రీపర్ల దగ్గర ఎక్కువసేపు ఉన్నవాడి మనసు మెల్లగా వాటి వశమవుతుందని మొదటి భాగం నుంచీ ఖాయిదా ఉంది. చివరి పది నిమిషాలు ఆ వశీకరణలో షెపర్డ్ చూసిన ఖ్వాబ్ అన్నారు. వాంకోవర్‌లో పిల్లవాడిని షెపర్డ్ తప్ప ఎవరూ చూసినట్టు లేదు. నాశనం దారి ఎంచుకుని ఫౌజ్ బలం చాలినంత ఉంటే, శిథిలాల మధ్య ఒక శరీరం ఊపిరి పీల్చే దృశ్యం వస్తుంది. అంటే మిగతాదంతా కల అని వాళ్ల దలీల్. కంపెనీ దీన్ని ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన భాగాలకు అది అతకలేదు కూడా. కాని ఆ తావీల్‌లో నాకు కనిపించింది వేరు. నమ్మినవాడు దాస్తాన్‌ను వదులుకోలేక, కథకుడు పోగొట్టిన మంతిఖ్‌ను తాను వెతికి తెచ్చి పెడుతున్నాడు. అభిమానం ఎంత గట్టిదో అందులో తెలుస్తుంది.

మా పెద్దవాడు ఈ గేమ్‌ను చాలా ఆలస్యంగా ఆడాడు. 2021 మేలో మూడు భాగాలూ కలిపి లెజెండరీ ఎడిషన్‌గా మళ్లీ వచ్చాయి, అందులో దిద్దిన ముగింపే ఉంది. ఆడటం పూర్తయ్యాక వాడు నా దగ్గరికొచ్చి అడిగింది మూడో కుప్పలోని సవాలే: "అబ్బా, సులహ్ చేయించింది నేనే కదా, మరి ఆ పిల్లగాడికి ఆ సంగతి చెప్పనియ్యరేంది?" పాత గొడవల సంగతి వాడికేం తెలియదు. ఓడ ఎక్కడికి పోయిందన్న సవాల్ వాడికి రానే లేదు, దాన్ని అప్పటికే అతికేశారు. దలీల్‌లో ఉన్న రంధ్రం మాత్రం తొమ్మిదేళ్ల తర్వాత కూడా కొత్తవాడి కంట పడింది.

నాకు ఈ తారీఖ్ నుంచి అందిన నతీజా అదే. ఎవరు ఎక్కడున్నారన్న తప్పును ఒక దృశ్యంతో సరిచేయొచ్చు. ఖాయిదా తప్పితే రెండు మాటలతో సగం సర్దుకోవచ్చు. కిస్సా మొత్తం ఒకటి నిరూపించి, చివర దానికి ఉల్టా చెబితే మాత్రం ఎన్ని దృశ్యాలు చేర్చినా అతకదు. బయోవేర్‌కు కూడా ఆ కష్టం తెలిసినట్టుంది. 2017 మార్చిలో వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడాలో కథను వేరే గెలాక్సీకి పట్టుకుపోయారు. అందులోని ప్రయాణికులు మూడో భాగం జంగ్ మొదలుకాకముందే బయల్దేరినవాళ్లు, కాబట్టి ఆ పిల్లవాడి ఊసెత్తే అవసరం రాలేదు. 2020 డిసెంబర్‌లో తర్వాతి గేమ్ గురించి చిన్న ట్రైలర్ వదిలారు. మంచులో విరిగిన లోహపు ముక్క ఏరుకుంటూ లియారా కనిపించింది. అంటే పాత అంజామ్ దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావాల్సిందే.

మీ ఇంట్లో పిల్లలు ఏదో గేమ్ ముగించి "అమ్మీ, ఇందులో లాజిక్ తప్పింది" అని గొణిగితే, ఫోన్ పక్కన పెట్టమనే ముందు ఒక్కసారి ఎక్కడ తప్పిందో అడగండి. వాళ్లు చెప్పే జవాబ్‌లో మంతిఖ్ ఉంటుంది, యాద్‌దాష్త్ ఉంటుంది, మాట ఇచ్చినవాడు మాట నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఉంటుంది. మా బడిలో ఉస్తాద్ సాబ్ ఉర్దూ కహానీ చదివించాక పుస్తకం మూయించి, ఆ మనిషి అలా ఎందుకు చేశాడని అడిగేవారు. వాళ్లకు ఆ సవాల్ తెర మీద ఎదురైంది, అంతే ఫరక్.